బెంగళూరు మిట్ట, మన చెరువులు: ప్రకృతికి, అభివృద్ధికి మధ్య సమతూకం ఎక్కడ?

బెంగళూరు నగరం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి ఉత్తరాన ఉన్న నందికొండ శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. అక్కడి నుండి హిందూపురం దాకా దిగివస్తే ఎత్తు 620 మీటర్లకు తగ్గుతుంది. మనం బస్సులో పోయి వచ్చేటప్పుడు ఈ తేడా తెలియదు. వాననీటికి మాత్రం బాగా తెలుసు.

నంది కొండల పరిసరాలలో పడిన చినుకు ఏ వాలున పడితే ఆ దిక్కుకు ప్రయాణం కడుతుంది. ఒక వాలున పడినది అర్కావతిలో కలిసి కనకపుర దగ్గర కావేరిని చేరుతుంది. ఉత్తరపు వాలున పడినది ఉత్తర పినాకినియై, అనగా మన పెన్నేరై, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం సీమలో ప్రవేశించి నెల్లూరు దాకా పోతుంది. చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి, పాపఘ్ని కడప జిల్లాకు సాగుతాయి. తూర్పున పాలారు కోలారు జిల్లాను దాటి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు ప్రవహించి తమిళనాడుకు పోతుంది. దక్షిణ పినాకిని హోసూరు వైపు మళ్ళుతుంది. ఇన్ని నదులకు పుట్టినిల్లయిన ఈ మిట్ట ప్రాంతంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేకపోవడం విచిత్రంగా తోస్తుంది గాని, ఆలోచిస్తే అది సహజమే. పుట్టినచోట ఏ నదైనా సన్నని వంకే గదా.

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి పల్లెలలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. సరిహద్దుకు ఇవతల కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం, మడకశిర పల్లెలకు పెళ్ళిళ్ళు, సంతలు, కూలిపనులు, ఆసుపత్రులు అన్నీ అవతలి వైపుతో ముడిపడినవే. పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. కుప్పం, బంగారుపేట, హిందూపురం స్టేషన్లలో తెల్లవారుజామున రైలెక్కేవారిని చూస్తే ఈ పల్లెల ఆదాయం ఎక్కడి నుండి వస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు. అందువలన బెంగళూరు పెరగడం మనకు కీడు అని ఒక్కమాటలో అనడానికి లేదు. అయితే ఆ నగరం మన నెత్తిన ఉన్నది. అది ఏమి తాగుతుందో, ఏమి వదులుతుందో, ఏ కొండను పిండి చేస్తుందో, వాటి ఫలితం వాలు వెంట దిగి మన చెరువుల దాకా వస్తుంది. పర్యావరణ పరిరక్షణ, ఆర్థికాభివృద్ధి అనే పెద్ద మాటలను మన పల్లె మాటల్లోకి దించి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాతినేల మీద చెరువుల గొలుసు

మన నేల అడుగున ఉన్నది గట్టి నల్లరాయి. కోస్తాలోని ఇసుక నేలల వలె ఇది నీటిని లోపల దాచుకోలేదు. పైన కొంతమేర మెత్తబడిన మొరం పొర, దాని కింద రాతి నెర్రెలు, ఇంతే మన భూగర్భ జలాశయం. ఈ సంగతి మన పూర్వులకు భూగర్భశాస్త్రం చదవకుండానే తెలుసు. అందుకే నీటిని నేలపైనే నిలబెట్టారు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే ఆ కింది దానికి చేరేలా గొలుసుగా కట్టారు. పాత కోలారు జిల్లాలో, అనగా 2007లో చిక్కబళ్ళాపురం వేరు కాకముందున్న జిల్లాలో, చిన్నా పెద్దా కలిపి నాలుగువేల దాకా చెరువులు, కుంటలు ఉండేవని చెబుతారు.

మనం మరవ అన్నదానిని కన్నడిగులు కోడి అంటారు. మన చెరువు వారి కెరె. వాననీటిని చెరువుకు తెచ్చే వాగుకాలువ వారి రాజకాలువ. తూము తెరచి ఎవరి మడికి ఎంత నీరో పంచే నీరుగంటి మాత్రం రెండు భాషలలోనూ నీరుగంటే. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసేవారికి రాయలసీమలో దశబంధ ఇనాములు ఇచ్చేవారు. మైసూరు సీమలో అటువంటి మాన్యాలనే కట్టుకొడగె అన్నారు. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. చెరువును కాపాడడం ఆనాడు దానధర్మం కాదు, పర్యావరణ ఉద్యమమూ కాదు. దానికి జీతం ఉండేది, భూమి ఉండేది, బాధ్యుడైన మనిషి ఉండేవాడు. ఇనాములు పోయి, చెరువులు ప్రభుత్వశాఖల చేతికి వెళ్ళిన తరువాత కాలువలో పూడిక తీసే పని ఎవరిదీ కాకుండా పోయింది. బోర్లు వచ్చాక చెరువు అవసరమే లేదనిపించింది. ఆ భ్రమ తొలగడానికి ముప్ఫై నలభై ఏళ్ళు పట్టింది. ఈలోగా బోర్ల లోతు వందల అడుగుల నుండి వెయ్యి అడుగులు దాటిపోయింది. లోతు పెరిగినకొద్దీ నీటిలో ఫ్లోరైడు పెరిగింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని ప్రమాణం. పిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు చూసిన ప్రతి ఉపాధ్యాయునికీ అది ఎక్కడ మించిందో తెలుస్తుంది.

నగరం తన చెరువులను ఏమి చేసింది?

బెంగళూరు కూడ చెరువుల ఊరే. 1537లో కెంపేగౌడ కోట కట్టించినప్పటి నుండి చెరువుల మీదనే బ్రతికింది. నేడు మనం దిగే మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ క్రీడామైదానం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. పంతొమ్మిదవ శతాబ్దం చివర హెసరఘట్ట నుండి, 1930లలో తిప్పగొండనహళ్ళి నుండి అర్కావతి నీటిని తెచ్చుకున్నారు. అవీ చాలక 1974 నుండి కావేరిని ఎక్కిస్తున్నారు. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుండి, దాదాపు అయిదువందల మీటర్ల ఎత్తుకు నీటిని తోడి తేవాలి. 2024 అక్టోబరులో ప్రారంభమైన అయిదవ దశతో రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు కలిసి, మొత్తం 220 కోట్ల లీటర్లు దాటింది.

అంతటి ఏర్పాటున్న నగరమే 2024 వేసవిలో నీటికి అల్లాడింది. నగరంలోని 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని స్వయంగా ఉపముఖ్యమంత్రి ప్రకటించారు. చెరువును పూడ్చి దానిపై ఇల్లు కట్టుకున్న ఊరికి బోరు ఎండక ఏమవుతుంది?

మిగిలిన చెరువులు మురుగుగుంటలైనాయి. బెళ్ళందూరు చెరువు నురుగుతో రోడ్లపైకి పొంగడం, 2015లోను, 2017లోను, 2018 జనవరిలోను దానిపై మంటలు లేవడం పత్రికలలో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. సబ్బులలోని రసాయనాలు, శుద్ధి కాని మురుగు కలిసి నురుగయ్యాయి. ఆ నీరే వర్తూరు మీదుగా దక్షిణ పినాకినిలోకి పోయి, హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట వద్ద మళ్ళీ నురుగై తేలుతుంది.

మనకు దిగివచ్చిన నీరు

ఇక మన గడప దగ్గరికి వద్దాం. బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి, గొట్టాల ద్వారా కోలారు జిల్లా చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం 2018 జూన్‌లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు, సుమారు 1,300 కోట్ల రూపాయల వ్యయం అన్నది తొలి ప్రణాళిక. మొదట నిండినది లక్ష్మీసాగర చెరువు. హెబ్బాళ, నాగవార లోయల నుండి రోజుకు 21 కోట్ల లీటర్లను చిక్కబళ్ళాపురం తదితర ప్రాంతాలలోని 65 చెరువులకు పంపే హెచ్.ఎన్. వ్యాలీ పథకం తరువాత వచ్చింది.

నీరు వచ్చిన నెలన్నరకే, 2018 జులైలో, లక్ష్మీసాగర చెరువులోనూ నురుగు కనబడింది. ప్రజలు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు పంపింగును ఆపించింది, కొంతకాలానికి షరతులతో అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చి, కొద్ది నెలలలోనే దానిని ఎత్తివేసింది. ఇంత వివాదం ఎందుకంటే శుద్ధి దశల గురించి కొంచెం తెలుసుకోవాలి.

మురుగునీటి శుద్ధిలో మూడు దశలుంటాయి. మొదటి దశలో జల్లెడ పట్టి చెత్తను తీసి, ఇసుకను, బురదను అడుగుకు దింపుతారు. రెండవ దశలో నీటికి గాలి పట్టించి సూక్ష్మజీవుల చేత మురుగును తినిపిస్తారు. దోసెపిండి పులిసేటప్పుడు కంటికి కనబడని జీవులు పనిచేసినట్లే ఇక్కడా పనిచేస్తాయి. ఈ దశ దాటిన నీరు తేటగా ఉంటుంది, వాసన తగ్గుతుంది. కాని కరిగి ఉన్న నత్రజని, భాస్వరం చాలావరకు అలాగే ఉంటాయి. రోగకారక జీవులూ పూర్తిగా చావవు. పరిశ్రమల వ్యర్థాలు కలిసి ఉంటే సీసం వంటి భారలోహాల అంశాలు మిగిలే ప్రమాదం ఉన్నది. సన్నని వడపోత, భాస్వరం తొలగింపు, క్రిమిసంహారం మూడవ దశలో జరుగుతాయి. కె.సి. వ్యాలీ పథకాన్ని రూపొందించినది రెండవ దశ నీటి ఆధారంగా. మూడవ దశ కూడ కావాలన్నది మొదటి నుండి కోలారు ప్రాంత ప్రజాసంఘాల కోరిక.

ఇక లాభం మాట. అది లేదనడం సత్యదూరం. దశాబ్దాలుగా బీడువారిన చెరువులలో నీరు నిలిచింది. చుట్టుపక్కల బోర్లలో నీరు తిరిగి పలికింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు సైతం పథకం ప్రాంతంలో భూగర్భ జలమట్టం పెరిగిందని తేల్చారు. టమాటా, మల్బరీ, పశుగ్రాసం సాగు కుదురుకున్నది. పాలు, పట్టు, పసిడి కోలారు సంపద అని పేరు. పసిడి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడడంతో ముగిసింది. మిగిలిన రెండూ నీటితో నిలిచేవే. వలసపోయిన కొడుకు తిరిగి వచ్చి ఆవులు పెట్టుకున్న ఇంటివారిని పిలిచి, ఈ నీరు మురుగునీరమ్మా అని చెబితే వారు మనవైపు వింతగా చూస్తారు. వారి చూపులో న్యాయం ఉన్నది.

అయితే న్యాయమైన ఆశకు జాగ్రత్త తోడు కావాలి. ఈ నీటిని చెరువులో నిలిపి భూమిలోకి ఇంకించడం వరకే పథకం లక్ష్యం. చెరువులో మోటారు దించి నేరుగా పొలానికి తోడడం నిషిద్ధం. ఈ నిబంధన అధికారుల చాదస్తం కాదు. మట్టి పొరల గుండా దిగేటప్పుడు నీరు కొంత వడగట్టబడుతుంది. నేరుగా తోడితే ఆ వడపోత ఉండదు. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి వంటి వాటికి నేరుగా పారించి సంతకు తెస్తే, వాటిని పచ్చిగా తినేవారు మన పిల్లలే. చెరువుకు దగ్గరలో తాగునీటి బోరు ఉంటే దానిని ఏడాదికి రెండుసార్లైనా, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, పరీక్ష చేయించాలి. కోలిఫాం, నైట్రేటు, ఫ్లోరైడు, ఈ మూడింటినీ అడగండి. నైట్రేటు ఎక్కువైన నీటితో పసిపిల్లలకు డబ్బాపాలు కలపడం ప్రమాదకరం, కాచినా నైట్రేటు పోదు. జలజీవన్ పథకం కింద గ్రామాలలో మహిళలకు నీటి పరీక్ష పెట్టెలతో శిక్షణ ఇచ్చారు. మీ ఊళ్ళో ఆ పెట్టె ఎవరి ఇంట్లో ఉన్నదో, సీలు విప్పారో లేదో కనుక్కోండి. ఇంకొక గుర్తు కంటికే కనబడుతుంది. చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకుంటే నీటిలో నత్రజని, భాస్వరం మెండుగా ఉన్నట్లు అర్థం.

ఒక చిన్న లెక్క

ఏడవ తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క ఒకటి చేద్దాం. రోజుకు 44 కోట్ల లీటర్లు ఏడాది పొడవునా తప్పకుండా వస్తే సుమారు 5.7 టీఎంసీలు అవుతుంది. టీఎంసీ అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇప్పుడు వాన సంగతి. కోలారు జిల్లా వైశాల్యం సుమారు 4,000 చదరపు కిలోమీటర్లు. ఏడాదికి సుమారు 70 సెంటీమీటర్ల వాన పడుతుందనుకుంటే, ఆకాశం నుండి దిగే నీరు దాదాపు 99 టీఎంసీలు. అనగా బెంగళూరు పంపే నీటికి పదిహేడు రెట్లు!

అందులో అధికభాగం ఆవిరైపోతుంది, పంటలు, చెట్లు కొంత తాగుతాయి. అదంతా మనకు దక్కదు. కాని పదోవంతు చెరువులలో నిలిచి భూమిలోకి ఇంకినా పది టీఎంసీలకు దగ్గర. అది గొట్టాలలో వచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు పైమాట. పైగా దానికి కరెంటు బిల్లు లేదు, కోర్టు వ్యాజ్యం లేదు, నురుగు లేదు.

పడమటి కనుమల నుండి ఎత్తినహొళె నీటిని తెచ్చే పథకం తొలిదశ 2024 సెప్టెంబరులో ప్రారంభమైంది. 24 టీఎంసీలు దొరుకుతాయని ప్రభుత్వ అంచనా. అక్కడ దొరికేది తొమ్మిదిన్నర టీఎంసీలకు మించదని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు లెక్క కట్టారు. ఎవరి లెక్క నిజమైనా సకలేశపుర అడవులు, అక్కడి ఏనుగుల దారులు కొంత మూల్యం చెల్లించాయి. ఒక మిట్ట ప్రాంతం దాహం తీర్చడానికి మరొక మిట్ట ప్రాంతపు అడవిని తవ్వడం జరిగింది. సరిహద్దుకు ఇవతల కృష్ణానీరు హంద్రీ-నీవా కాలువ ద్వారా వందల కిలోమీటర్లు ఎగబ్రాకి 2025 ఆగస్టులో కుప్పం చేరింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నీరు అది, సంతోషించవలసిందే. అయినా దూరపు నది నీరు దానిని వదిలేవారి చేతిలో ఉంటుంది. మన వంకలో పారే వాన మన పంచాయతీ పారకు అందుతుంది. వాననీటిని చెరువుకు చేర్చే వాలును, వంకను చెడగొట్టే ఏ పనైనా, అది ఎంత ఆదాయం తెచ్చినా, మన నీటి ఖాతాలో అప్పుగానే రాయాలన్నది నా అభిప్రాయం.

వాలును తినేవి మూడు

మొదటిది నీలగిరి తోపు. టిప్పు సుల్తాను కాలంలోనే ఈ చెట్టును నందికొండకు తెప్పించారని చెబుతారు. పల్లెలకు దిగింది మాత్రం 1980లలో, సామాజిక అటవీ పథకం పేరుతో. బోరు ఎండింది, కూలీలు దొరకరు, కొడుకులు పట్నంలో ఉన్నారు. ఒకసారి నాటితే అయిదారేళ్ళకొకసారి కోతకు వచ్చి, కాపలా అడగని పంటను రైతు ఎందుకు వద్దంటాడు? అతనిని తప్పుపట్టలేము. కాని రాగి, ఉలవలు పండే వాలుపొలం నీలగిరి అయిన తరువాత ఆ వాలు నుండి చెరువుకు దిగే నీరు తగ్గింది. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటడాన్ని నిషేధించింది. ఉన్నవి తీయాలంటే మొద్దులు పెకలించే ఖర్చు ఎకరానికి చిన్నది కాదు. ఆ ఖర్చు భరించి, మామిడి, చింత, సీతాఫలం, కానుగ నాటి అవి కాపుకు వచ్చేదాకా ఏదో కొంత ఆదరువు చూపితే తప్ప నిషేధం కాగితం మీదనే ఉంటుంది. శ్రీనివాసపురం మామిడి దేశమంతటికీ పోతున్నదంటే, ఈ నేలకు మెట్టతోట కొత్త కాదు గదా.

రెండవది క్వారీ. బెంగళూరు మేడలకు కంకర, యంత్రపు ఇసుక మన కొండల నుండే పోతున్నవి. కొండ కరిగితే చెరువు పరీవాహకం తరుగుతుంది, దుమ్ము మల్బరీ ఆకు మీద పడితే పట్టుపురుగు తినదు. 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురం జిల్లా హిరేనాగవల్లి వద్ద, క్వారీకి తెచ్చిన జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు మరణించారు. అదే ఏడాది ఆగస్టులో భారీ వర్షానికి నందికొండ వద్ద కొండచరియ విరిగి దారి తెగిపోయింది. 2023 మార్చిలో అదే కొండకు రోప్‌వే శంకుస్థాపన జరిగింది. కార్ల రద్దీ తగ్గితే కొండకు మేలేనని ఒక వాదన, జనం మరింత పెరుగుతారని మరొక వాదన. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. క్వారీలన్నీ మూయాలని నేను అనను, ఆ కూలి మీద బ్రతికే కుటుంబాలు ఉన్నాయి. కాని 2015 నాటి చట్ట సవరణతో ప్రతి గనుల జిల్లాకూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళకు ఖర్చు పెట్టవలసిన సొమ్ము అది. మన పంచాయతీలలో ఎన్ని ఆ నిధిని ఎప్పుడైనా అడిగాయి?

తవ్వుకొని పోయినవాడు ఏమి విడిచిపోతాడో చూడాలంటే కోలారు బంగారు గనులకు వెళ్ళాలి. 1902లో శివనసముద్రం నుండి కరెంటు వచ్చిన ఊరు అది, దేశంలో అనేక నగరాలకు దీపం తెలియని రోజులవి. బేతమంగళ వద్ద పాలారు నీటిని ఆ పట్టణానికి మళ్ళించారు. నూరేళ్ళకు పైగా బంగారం తీశారు. గని మూతబడిన తరువాత మిగిలినవి సైనైడు దిబ్బలు, గాలికి లేచే వాటి ధూళి, ఇప్పటికీ తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పోయే ఆ కార్మికుల పిల్లలు, మనుమలు.

మూడవది లేఅవుటు. విమానాశ్రయం 2008లో దేవనహళ్ళికి వచ్చిన తరువాత భూమి ధర పంట ధరను ఎన్నడో దాటిపోయింది. నరసాపుర, వేమగల్ పారిశ్రామికవాడలలో వేలాది మందికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఉద్యోగాలు దొరికాయి. పదవ తరగతి దాటి చదివిన అమ్మాయి జీతం తెచ్చి ఇంటిని నిలబెట్టడం మన పల్లెలలో చిన్న మార్పు కాదు. పరిశ్రమ రావాలి. ఎక్కడ రావాలన్నదే ప్రశ్న. దేవనహళ్ళి తాలూకాలో 13 గ్రామాల 1,777 ఎకరాల సేకరణను రైతులు మూడేళ్ళకు పైగా ప్రతిఘటించగా, 2025 జులైలో ప్రభుత్వం విరమించుకున్నది. ఇష్టపూర్వకంగా ఇచ్చేవారి భూమి మాత్రమే తీసుకుంటామన్నది. మంచిదే. కాని భూమిని ఇష్టపూర్వకంగా అమ్మినా, అందులో వంక ఉంటే అది అమ్మినవానిది కాదు, కొన్నవానిదీ కాదు. అది కింది చెరువుది. వంకను పూడ్చి స్థలాలు వేసిన చోటల్లా, నష్టపోయిన ఆయకట్టు రైతు ఆ అమ్మకపు కాగితంలో ఎక్కడా కనబడడు.

సరిహద్దు దాటే మురుగు, దాటని మాట

1892లో మద్రాసు ప్రభుత్వానికి, మైసూరు సంస్థానానికి మధ్య ఒక ఒప్పందం జరిగింది. పెన్నేరు, చిత్రావతి, పాపఘ్ని, పాలారులపై ఎగువన కొత్త జలాశయాలు కట్టాలంటే దిగువవారి అనుమతి కావాలన్నది దాని సారాంశం. చిత్రావతిపై పరగోడు వద్ద ఆనకట్ట కట్టినప్పుడు మన వైపు ఎంత అలజడి రేగినదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నీరు ఎంత అన్నదానిపై ఇలా శతాబ్దంగా తగవులాడుతున్నాము. నీరు ఎటువంటిది అన్నదానిపై మాత్రం మన వైపు గొంతు అంతగా వినబడలేదు. కెలవరపల్లి నురుగును తమిళనాడు పదేపదే ప్రస్తావించింది. గొట్టాలలో వచ్చిన నీటితో నిండుగా ఉన్న కోలారు చెరువుపై గట్టివాన పడితే, మరవ పారి ఆ కలగలుపు నీరు పాలారు వెంట కుప్పం సీమకు రాక తప్పదు. గౌరిబిదనూరు దిగువన హిందూపురం వైపూ అంతే. అప్పుడు దిగువ పల్లెకు పరీక్ష ఫలితం ఎవరు చెప్పాలి? కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రానికొకటి. ఒకరి నివేదిక మరొకరి గ్రామపంచాయతీకి చేరే ఏర్పాటు కనబడదు.

రాజధానుల మధ్య ఉత్తరాలు నడిచేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. మార్చి నుండి మే వరకు చెరువు ఎండి ఉండే రోజులలోనే ఊరివారు నలుగురు కలిసి వంక వెంట పైకి నడవాలి. ఎక్కడ పూడింది, ఎవరు దున్నారు, ఏ రోడ్డు కింద తూరలు లేవు అని రాసుకోవాలి. గ్రామీణ ఉపాధి పనులలో ముందుగా పెట్టవలసినది చెరువు పూడిక కాదు, కాలువ పూడిక. నీరు రాని చెరువును ఎంత లోతు చేసినా గుంతే మిగులుతుంది. పూడికమట్టిని పొలానికి తోలుకుంటే బస్తాల లెక్కన ఎరువు ఖర్చు తగ్గుతుంది, ఇది మన తాతలు చేసినదే. 2002 నుండి ప్రపంచబ్యాంకు సాయంతో కర్ణాటకలో చెరువు వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పథకం ముగియగానే అనేకచోట్ల సంఘాలూ చల్లబడ్డాయి. చేపల వేలం సొమ్ములో కొంత భాగాన్ని ఏటా కాలువ మరమ్మతుకే కేటాయించే తీర్మానం చేసుకుంటే, పాత దశబంధం వలె పనికి ఒక ఆధారం ఏర్పడుతుంది.

ఇక నీటి పరీక్ష. కోలారు వైపు వారు తమ చెరువు నీటి ఫలితాన్ని గ్రామసభలో అడగాలి. కుప్పం, హిందూపురం వైపు వారు తమ బోర్ల ఫలితాన్ని అడగాలి. అవతలి ఊరిలో బంధువులు లేని ఇల్లు మన పల్లెలలో అరుదు గనుక, ఒకరి కాగితం మరొకరికి చేరడం కష్టం కాదు. పరీక్ష జరిగిన తేదీ, కోలిఫాం, నైట్రేటు, ఫ్లోరైడు, ఈ నాలుగు వరుసలను చెరువు కట్టమీద ఒక పలకపై రాయించండి. అవతలి వారికి మన అక్షరాలు రావు, మన ముసలివారికి కన్నడం చదవడం రాదు. కనుక పైన కన్నడంలో, కింద తెలుగులో రాయించండి. రాసే పనికి ఏ ఊళ్ళోనైనా బడిపంతులు దొరుకుతాడు.